కారెక్కితే దగ్గు

వెనక సీట్లో కోడలు దగ్గుతోంది. అద్దంలోకి చూడకూడదనుకుంటూనే ఆదెయ్య చూశాడు. శ్రీరమ్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కిటికీ వైపు తిరిగి కూర్చుంది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. పక్కన ఆమె అత్తగారు వెంకటరావమ్మ ఒళ్లో హ్యాండ్‌బ్యాగు పెట్టుకుని, నిటారుగా కూర్చుని రోడ్డు చూస్తోంది.

"అద్దం కాస్త దించనా అత్తయ్యా?" దగ్గుకీ దగ్గుకీ మధ్య అడిగింది కోడలు.

"దించు తల్లీ. దుమ్మూ ధూళీ అంతా రానీ. ఏసీ కారు కొనుక్కుంది అందుకేగా."

శ్రీరమ్య దించలేదు.

ప్రత్తిపాడులో బంధువుల ఇంట ఓణీల ఫంక్షనుకి వెళ్లి గుంటూరు తిరిగొస్తున్నారు. మార్చి ఆఖరు. రోడ్డుకి రెండు పక్కలా కల్లాల్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. ఆడకూలీలు మొహాలకి గుడ్డలు చుట్టుకుని, రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్నారు. ఫంక్షనులో కోడలు చక్కగానే ఉంది. పిల్లకి గాజులు తొడిగింది, బంతిలో వడ్డించింది, ఎవరో ఏదో అంటే పకపకా నవ్వింది. కారెక్కి తలుపు వేశాక, ఆదెయ్య ఏసీ మీట తిప్పగానే మొదలైంది.

పెళ్లయిన నాటి నుంచీ ఇదే వరస. ఆ పిల్లది చీరాల అవతల, వాడరేవు రోడ్డు మీద ఊరు. కొత్త దంపతుల్ని ఈ కాంటెస్సా కారులోనే గుంటూరు తీసుకొస్తుంటే పెళ్లికూతురు దారి పొడుగునా దగ్గుతూనే ఉంది. హోమం పొగ పడలేదు కాబోలు అనుకున్నారు అందరూ. ఆ తర్వాత గుడికెళ్లినా, పేరంటానికెళ్లినా, కారెక్కితే దగ్గు. దిగిన కాసేపటికి మామూలే. డాక్టరు ఎక్స్‌రే తీయించి ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయన్నాడు. చల్లగాలి పడకపోవచ్చన్నాడు.

"ఫ్రిజ్‌లో నీళ్లు గటగటా తాగుతుంది. దానికి రాని దగ్గు కారులో చల్లగాలికొస్తుందా?" అంది వెంకటరావమ్మ ఆ రోజు. అప్పట్నుంచీ ఆమె నోట ఒకటే మాట. పిల్లకి ఉబ్బసం ఉంది, దాచి పెళ్లి చేశారు.

ఏటుకూరు దాటాక ఏసీ గాలి గోరువెచ్చగా మారింది. ఆదెయ్య మీట అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏమైంది ఆదెయ్యా?"

"గ్యాసు అయిపోయినట్టుందండీ అమ్మగారూ."

"ఇదొకటి తక్కువైంది." వెంకటరావమ్మ విసుక్కుని తన వైపు అద్దం తనే దించింది. ఎండగాలి లోపలికి కొట్టింది. ఆదెయ్య ఏసీ పూర్తిగా కట్టేసి తన అద్దం కూడా దించాడు. గుంటూరు వచ్చేసరికి కోడలి దగ్గు ఆగిపోయింది. ఆ సంగతి ఎవరూ పట్టించుకోలేదు. ఆదెయ్య కూడా.

ఇంటి ముందు కారు ఆపి తలుపు తీశాడు. శ్రీరమ్య దిగుతూ, "పోయేప్పుడు కాస్త మజ్జిగ తాగి వెళ్లండి ఆదెయ్య గారూ" అంది. ఆ ఇంట్లో అతన్ని 'గారూ' అనేది ఆ పిల్ల ఒక్కతే. మొదట్లో వినడానికి ఇబ్బందిగా ఉండేది. ఇప్పటికీ అలవాటు పడలేదు.

సాయంత్రం యార్డు నుంచి శ్రీమన్నారాయణ వచ్చాడు. మిర్చి యార్డులో కమీషన్ కొట్టు ఆయనది. కొడుకు శ్రీకృష్ణ కూడా కొట్టులోనే ఉంటాడు. ఆదెయ్య వసారాలో కూర్చుని మజ్జిగ తాగుతుంటే లోపలి మాటలు వినబడ్డాయి. వినబడకూడదని వాళ్లు అనుకుంటున్నట్టు కూడా లేదు.

"ఆదివారం చీరాల వెళ్దాం. పిల్ల బట్టలన్నీ పెట్టెలో సర్దించు. వాళ్ల నాన్ననే అడుగుదాం. వైద్యం వాళ్లే చేయించుకుని, తగ్గాక పంపమందాం," అన్నాడు శ్రీమన్నారాయణ.

"తగ్గకపోతే?" అంది వెంకటరావమ్మ.

"నువ్వూ రావాలిరా" అన్నాడాయన కొడుకుతో.

"సీజను గదా నాన్నా. మిరప బస్తాలు, టిక్కీలు దిగుతుంటే కొట్టు వదిలి ఎట్టా వస్తాను?" అన్నాడు శ్రీకృష్ణ. ఆదివారం యార్డుకి సెలవని ముగ్గురికీ తెలుసు.

శ్రీమన్నారాయణ వసారాలోకి వచ్చాడు. "ఆదెయ్యా, పొద్దున్నే కారు మెకానిక్ బుడాన్ షెడ్డులో పెట్టు. ఆదివారానికి ఏసీ పనిచెయ్యాలి. వియ్యంకుడి ఇంటి ముందు అద్దాలు దించుకుని చెమటలు కక్కుకుంటూ దిగితే బాగోదు."

"అట్టాగేనండి బాబుగారూ."

*

బుడాన్ షెడ్డు ఊరి చివర, హైవే పక్కన. వెనకే ఇల్లు. బానెట్ ఎత్తి గొట్టాలన్నీ చేత్తో తడుముకుంటూ పోయాడు బుడాన్. అతుకుల దగ్గర వేలు పెట్టి నూనె జిడ్డు చూపించాడు.

"రబ్బరు రింగులు ఎండిపోయి పగిలాయి మామా. ఇక్కడా ఇక్కడా కారింది. ఇంకో మాట. ఇది పాత గ్యాసు కారు. ఆ గ్యాసు ఇప్పుడు దొరకడం లేదు. అక్కడక్కడా దొరికేది కల్తీ సరుకు. కొత్త గ్యాసుకి మార్చేయాల్సిందే."

"మార్చు. ఉన్న కాస్తా తీసేసి కొత్తది పట్టడమేగా?"

"అట్టా పట్టేవాళ్లూ ఉన్నారు. నాలుగు రోజులు మంచులా ఉంటుంది. తర్వాత కంప్రెసర్ బిగదీసుకుపోతుంది." బుడాన్ స్పానర్ తీసి అప్పటికే పని మొదలెట్టాడు. "లోపల తిరిగే ఆయిలు వేరు మామా. పాత ఆయిలు ఈ కొత్త గ్యాసుతో కలవదు. చుక్క మిగలకుండా కడిగేసి దానికి సరిపడే ఆయిలు పొయ్యాలి. రింగులన్నీ మార్చాలి, గ్యాసులో చెమ్మ పీల్చే బాటిల్ మార్చాలి. ఆదివారం అన్నావుగా? అయిపోద్దిలే. నువ్వు మధ్యలో తొందర పెట్టకు."

"నేనెప్పుడు పెట్టానురా?"

"నువ్వు పెట్టవు. నీ సెల్‌ఫోనులో మీ బాబుగారు పెడతాడు."

ఆదెయ్య వేపచెట్టు నీడలో స్టూలు వేసుకుని కూర్చున్నాడు. బుడాన్ మిగిలిన గ్యాసుని గొట్టంతో సిలిండరులోకి లాగాడు. కంప్రెసర్ విప్పి తలకిందులుగా పట్టుకుంటే నల్లటి ఆయిలు సన్నటి ధారగా డబ్బాలో పడింది. చివరి చుక్క దాకా అట్టాగే పట్టుకుని, చేత్తో తిప్పుతూ, మళ్లీ వంచి, మళ్లీ తిప్పాడు. గొట్టాలు ఒక్కొక్కటే విప్పి మందు పోసి గాలి కొట్టి కడిగాడు. తెల్ల గుడ్డ మీదకి ఊదించి చూసి, మరక కనిపిస్తే మళ్లీ కడిగాడు. పాత నల్ల రింగులు పీకి, కొత్తవి, ఆకుపచ్చవి, ఆయిల్లో ముంచి వేలితో ఎక్కించాడు. ఆ పూటంతా దానితోనే సరిపోయింది.

మర్నాడు ముందు సీటు కూడా ఊడదీశాడు.

"సీటు ఎందుకురా?"

"కూలింగ్ కాయిల్ దించాలి. డ్యాష్‌బోర్డు కింద ఉంటుంది, ఎడం పక్క. దానికీ రింగులుంటాయి. అవి వదిలేస్తే చేసిందంతా దండగ."

బుడాన్ వెల్లకిలా పడుకుని డ్యాష్‌బోర్డు కింద తల దూర్చాడు. స్క్రూలు విప్పుతున్న చప్పుడు. తర్వాత నల్ల ప్లాస్టిక్ పెట్టె ఒకటి కిందికి జారిన చప్పుడు. ఆ వెంటనే బుడాన్ కాళ్లు రెండూ తన్నుకున్నాయి. మోచేతుల మీద పాకుతూ బయటికొచ్చి, షెడ్డు దాటి, రోడ్డు మీద కూలబడి దగ్గడం మొదలెట్టాడు. కళ్లూ ముక్కూ ఏకధారగా కారుతున్నాయి.

"ఏందిరా? ఏమైంది?" ఆదెయ్య కంగారుగా కారు దగ్గరికెళ్లి లోపలికి వంగాడు. ఏమీ లేదు. పెట్టె వేలాడుతోంది.

వెనక ఇంట్లోంచి బుడాన్ భార్య అమీర్‌బీ చెంబుతో నీళ్లు పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. షెడ్డులో అడుగు పెట్టిందో లేదో ఆమె కూడా కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. "అల్లా! ఎవరింట్లో తాలింపు మాడిందా అనుకున్నా. ఇక్కడి నుంచా?" అంటూనే దగ్గింది.

బుడాన్ నీళ్లు తాగి, మొహం కడుక్కుని, తువాలు మూతికి కట్టుకుని మళ్లీ లోపలికి వెళ్లాడు. ఊపిరి బిగబట్టి పెట్టె మొత్తం లాక్కొచ్చి ఎండలో పడేసి మూత విప్పాడు.

కాయిల్ కనబడలేదు. దాని మొహం మీద ఎర్రటి దుమ్ము తడికి మెత్తబడి, ఆరి, మళ్లీ తడిసి, దట్టంగా కంబళి ముక్కలా పట్టేసి ఉంది. అందులో అక్కడక్కడా మిరప గింజలు. తోలు పేలికలు.

"ఇదేంది మామా, ఏసీయా, కారం మిల్లా?"

ఆదెయ్య చూస్తూ నిలబడ్డాడు. యార్డులో ఏ సరుకు బాగుంటే ఆ టిక్కీలోంచి గుప్పెడు శాంపిలు తీసి సంచిలో వేసుకుంటాడు బాబుగారు. హోటల్లో దిగిన బయటి వ్యాపారులకి చూపించడానికి. డిక్కీలో పెడితే వేడికి రంగు తగ్గుతుందని, చల్లగా ఉండేలా ముందు సీటు దగ్గర కాళ్ల కింద పెట్టమంటాడు. ఏళ్ల తరబడి ఆదెయ్యే పెడుతున్నాడు. ఎడం పక్క. సంచి మూతి డ్యాష్‌బోర్డు కింది గోడకి ఆనించి, పడిపోకుండా.

"సంచి ఇక్కడ పెట్టేవాణ్ణి" అన్నాడు, చేత్తో చూపిస్తూ.

"అక్కడే ఫ్యాను గాలి పీల్చే మూతి ఉంది మామా. సంచిలో దుమ్మంతా అది పీల్చుకుంది. చల్లగాలితో పాటు వెనకాలోళ్ల మొహాన ఊదింది." బుడాన్ తువాలు పైనుంచే కళ్లు తుడుచుకున్నాడు. "ఇందులో ఇన్నాళ్లు ఎట్టా కూర్చున్నారు మీరు?"

"మాకేం కాలేదే."

"ఇప్పుడు? ఈ పెట్టె నీ ముందే ఉందిగా. నీకు రావట్లేదా ఘాటు?"

ఆదెయ్య వంగి, కాయిల్ మీదికి మొహం పెట్టి, గట్టిగా పీల్చాడు. తడి ఇనుము వాసన లాంటిదేదో వచ్చింది. అంతే. అమీర్‌బీ దూరం నుంచి చూస్తూ నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

"కోడలమ్మగారు ఒక్కరే దగ్గేది" అన్నాడు ఆదెయ్య, లేస్తూ. ఆ మాట ఎవరితోనూ అన్నట్టు లేదు.

బుడాన్ పుల్లతో దుమ్మంతా గీకాడు. అట్టలు అట్టలుగా ఊడింది. కాలవలోకి విసరబోతుంటే ఆదెయ్య ఆపాడు. "బాబుగారికి చూపించాలి, ఇటివ్వు."

"కూరలో వేసుకుంటావా?" అని నవ్వుతూ అమీర్‌బీ ఖాళీ పాలపొడి డబ్బా తెచ్చిచ్చింది. మూత గట్టిగా బిగించి, డిక్కీలో పనిముట్ల సంచి అడుగున పెట్టాడు ఆదెయ్య.

కాయిల్‌ని సబ్బునీళ్లతో, మంచినీళ్లతో, మళ్లీ సబ్బునీళ్లతో కడిగి ఎండబెట్టారు. గాలి గొట్టాలూ, సీట్ల గుడ్డా, కింద తివాచీ కూడా దులిపి తుడిచారు. అన్నీ బిగించాక బుడాన్ పంపు పెట్టి గొట్టాల్లో గాలంతా లాగేశాడు. గేజి ముల్లు కిందికి పడిపోయింది. టీ తాగొచ్చి చూశాడు. ముల్లు కదల్లేదు. "కారడం లేదు" అని అప్పుడు కొత్త గ్యాసు ఎక్కించాడు, పాతదాని కంటే కాస్త తక్కువగా, గొట్టం మీద అరచెయ్యి వేసి చూసుకుంటూ. గొట్టం చల్లబడి చెమట పట్టింది.

ఆదెయ్య వెనక సీటులో కూర్చున్నాడు. చల్లగా ఉంది. కానీ ఘాటు పోయిందో లేదో తనకెట్టా తెలుస్తుంది? దిగి షెడ్డు వెనక్కి వెళ్లాడు.

"అమ్మా అమీర్‌బీ, నీ ముక్కు మంచిది. ఓసారి వచ్చి కారులో కూర్చోవా?"

ఆమె నవ్వుతూ వచ్చి, ముక్కు మూసుకుని వెనక సీట్లో కూర్చుంది. తలుపులేసి, గాలి పెద్దది చేశాడు బుడాన్. ఆమె చెయ్యి కాస్త తీసింది. పూర్తిగా తీసింది. వెనక్కి వాలి కళ్లు మూసుకుంది.

"ఏం లేదు" అంది అద్దం దించి. "చెరువుగట్టు మీద కూర్చున్నట్టుంది. ఈయన చచ్చినా ఇట్టాంటి కారు కొనడు."

"ఇక దిగు. బాబుగారి సీటు అరిగిపోద్ది" అన్నాడు బుడాన్.

*

కారు ఇంటికి తెచ్చేసరికి శ్రీమన్నారాయణ వసారాలో ఫోనులో ఉన్నాడు. యార్డు ధరల గురించి ఎవరితోనో గట్టిగా మాట్లాడుతున్నాడు. ఆదెయ్య మెట్ల దగ్గర నిలబడ్డాడు. ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టి, "చల్లగా వస్తుందా?" అన్నాడాయన.

"వస్తుందండి. కాయిల్ దించితే అందులో బాబుగారూ..."

"వస్తుందిగా? చాలు." మళ్లీ ఫోనులోకి తిరిగాడు.

ఆదెయ్య ఇంకాసేపు నిలబడ్డాడు. ఫోను ఆగలేదు. లోపల వెంకటరావమ్మ పెట్టె తాళం వెతుకుతోంది. చెప్పాలంటే ముందు సంచి సంగతి చెప్పాలి. అక్కడ పెట్టిందెవరంటే తన పేరే వస్తుంది. అయినా ఇప్పుడు చెప్పాల్సిన అవసరమేముంది? కాయిల్ కడిగేశారు. దగ్గు రాదు. దగ్గు రాకపోతే గొడవే లేదు. ఆదివారం దారిలో వాళ్లే చూసుకుంటారు, బాగైపోయింది పదమని సగం దారిలోంచి వెనక్కి తిప్పినా తిప్పుతారు. ఆ ఆలోచన ఆదెయ్యకి నచ్చింది. శాంపిలు సంచి తీసి కొట్టు ఆటోవాడికిచ్చి, ఇకనుంచి నువ్వే తీసుకురా అని చెప్పాడు.

శ్రీరమ్య పెరట్లో తీగ మీది బట్టలు తీస్తోంది. "కారు బాగైందా ఆదెయ్య గారూ?"

"బాగైందమ్మా. ఈసారి దగ్గు రాదు చూడండి."

ఆ పిల్ల అతని వంక చూసింది. నమ్మలేదు. "రాకపోతే బాగుండు. మా నాన్న ముందు ఆయాసపడుతూ దిగితే ఆయన తట్టుకోలేడు." చీర మడిచి భుజాన వేసుకుంది. "కొన్నాళ్లుండి రమ్మంటున్నారు. అన్ని చీరలూ ఎందుకో మరి."

ఆదెయ్య టైర్లలో గాలి చూసుకోవడానికి వెళ్లిపోయాడు.

*

ఆదివారం పొద్దున్నే బయల్దేరారు. శ్రీమన్నారాయణ ముందు, ఆడవాళ్లిద్దరూ వెనక. పెట్టె బరువుగా ఉంది. శ్రీకృష్ణ గేటు దాకా వచ్చి, పెట్టె డిక్కీలో పెడుతుంటే ఓ చెయ్యి వేసి, తండ్రి వంక చూసి వెనక్కి వెళ్లాడు.

ఊరు దాటాక ఆదెయ్య ఏసీ మీట తిప్పాడు. చల్లగాలి వచ్చింది. అద్దంలోకి చూశాడు. శ్రీరమ్య చేతిలో కొంగు సిద్ధంగా పట్టుకుని కూర్చుంది. ఏటుకూరు వచ్చింది. పోయింది. కొంగు చేతిలోనే ఉంది. ప్రత్తిపాడు వచ్చేసరికి ఆ పిల్ల కొంగు వదిలేసింది. గాలి మెల్లగా, లోతుగా పీల్చి వదిలింది. అద్దంలో ఆదెయ్య కళ్లు కనబడితే చిన్నగా నవ్వింది.

ఆదెయ్య స్టీరింగు మీద వేళ్లతో తాళం వేశాడు. ఇప్పుడంటారు, ఇప్పుడంటారు అనుకుంటున్నాడు.

పర్చూరు దాటాక వెంకటరావమ్మ అంది.

"చూశారాండీ?"

"ఏంటి?" అన్నాడు భర్త.

"ఒక్క దగ్గన్నా దగ్గిందా? ఇదే కారు. ఇదే సీటు. ఇదే ఏసీ. మన చుట్టాలింటికి తీసుకెళ్తే పేగులు తెగేట్టు దగ్గుద్ది. పుట్టింటికి తీసుకెళ్తుంటే చక్కగా నవ్వుకుంటూ కూర్చుంది. నేను రోగమనుకున్నాను. డాక్టర్ల చుట్టూ తిప్పాను. రోగం కాదు, నటన!"

"అత్తయ్యా..."

"మాట్లాడకు. ఇన్నాళ్లూ నన్ను పిచ్చిదాన్ని చేశావు."

శ్రీమన్నారాయణ వెనక్కి తిరిగి కోడలి మొహం చూశాడు. చాలాసేపు చూశాడు. మళ్లీ ముందుకి తిరిగి, "అయితే తగ్గాక పంపమనడానికి కూడా లేదు" అన్నాడు మెల్లగా.

ఆదెయ్య అద్దంలోకి చూశాడు. శ్రీరమ్య అతన్నే చూస్తోంది. ఈసారి దగ్గు రాదని చెప్పింది నువ్వేగా అన్నట్టు. నోరు తెరిచాడు. ఎదురుగా లారీ వస్తే కారు పక్కకి తీశాడు.

*

శ్రీరమ్య తండ్రి శివరామకృష్ణకి సరుగుడు తోటలున్నాయి. ఇల్లు ఇసక నేల మీద, సముద్రం మీది గాలి నేరుగా హాల్లోకే వస్తుంది. ఆయనా, భార్య సాయిలక్ష్మీ, ముసలి తల్లి నాంచారమ్మా గుమ్మంలో నిలబడి ఉన్నారు. కూతురు దిగగానే తల్లి మొహం చేతుల్లోకి తీసుకుని చూసింది.

ఆదెయ్య పెట్టె తీసి గుమ్మం లోపల పెట్టాడు. దాని సైజు చూసి శివరామకృష్ణ మొహం మారింది.

మంచినీళ్లిచ్చారు. కాఫీ తెస్తామంటే వెంకటరావమ్మ వద్దంది.

"అన్నయ్యగారూ, సూటిగా అడుగుతాను, తప్పనుకోవద్దు. కారెక్కితే చాలు మీ అమ్మాయి దగ్గేది. అది రోగమైతే మీరు దాచారు. రోగం కాకపోతే మీరు నేర్పారు. రెంట్లో ఏదో మీరే చెప్పండి."

శివరామకృష్ణ అర్థం కానట్టు కూతురి వంక చూశాడు. "దగ్గేంటమ్మా? చిన్నప్పట్నించీ దీనికి పడిశం కూడా ఎరగం."

"ఎరగరుగా? అయితే రెండోదే."

"నేను నటించలేదు నాన్నా." శ్రీరమ్య గొంతు పైకి లేవలేదు. "ఎందుకొచ్చేదో నాకూ తెలీదు. ఇవాళ ఎందుకు రాలేదో కూడా తెలీదు."

"బావగారూ, మీరన్నా చెప్పండి" అన్నాడు శివరామకృష్ణ.

శ్రీమన్నారాయణ నీళ్ల గ్లాసు కింద పెట్టాడు. "ఏం చెప్పమంటారు? కొన్నాళ్లు మీ దగ్గరే ఉండనీండి. తర్వాత మా వాడి మనసెట్టా ఉంటుందో చూద్దాం."

సాయిలక్ష్మి కూతురి పక్కన కూలబడింది. గుమ్మం దగ్గరున్న ఆదెయ్య గిరుక్కున వెనక్కి తిరిగి కారు దగ్గరికెళ్లాడు. డిక్కీ తీసి పనిముట్ల సంచి అడుగున చెయ్యి పెట్టాడు.

డబ్బాతో నేరుగా హాల్లోకి వచ్చాడు. చెప్పులు విడవడం కూడా మర్చిపోయాడు. ఆ ఇంట్లోనే కాదు, ఏ ఇంట్లోనూ పెద్దవాళ్లు మాట్లాడుకునే చోట అతను నిలబడింది లేదు.

"బాబుగారూ, ఇది కారులోంచి తీసింది. బుడాన్ తీశాడు. మీకు చూపించాలని ఉంచాను."

"ఇప్పుడేంటయ్యా అది? అవతల పెట్టు" అంది వెంకటరావమ్మ.

ఆదెయ్య మూత తిప్పాడు. బిగుసుకుపోయి రాలేదు. పొట్టకి ఆనించుకుని బలంగా లాగాడు. మూత ఎగిరిపోయింది, ఎర్ర దుమ్ము పైకి లేచింది. పైన ఫ్యాను తిరుగుతోంది.

ముందు నాంచారమ్మ దగ్గింది. తర్వాత సాయిలక్ష్మి. శివరామకృష్ణ ఏదో అనబోయి, మాట మధ్యలో ఆగిపోయి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగి దగ్గాడు. వంటింట్లోంచి కాఫీ గ్లాసులతో వస్తున్న పనమ్మాయి జాన్‌బీ పళ్లెం కిందపెట్టి పెరట్లోకి పరిగెత్తింది. శ్రీరమ్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, గోడ వైపు తిరిగి, భుజాలు ఎగిరెగిరి పడేట్టు దగ్గుతోంది. ఎప్పుడూ కారులో వినే దగ్గు అదే.

"ఎవడ్రా వీడు, మమ్మల్ని చంపడానికొచ్చాడా!" అంది నాంచారమ్మ, కళ్లు తుడుచుకుంటూ.

శివరామకృష్ణ తడుముకుంటూ వెళ్లి ఫ్యాను ఆపాడు. కిటికీలు తీశాడు. కళ్లలోంచి నీళ్లు కారుతుండగా వెనక్కి తిరిగి చూశాడు. వియ్యంకుడూ వియ్యపురాలూ కుర్చీల్లో ఎట్టా కూర్చున్నవాళ్లు అట్టాగే కూర్చుని ఉన్నారు. డబ్బా పట్టుకుని డ్రైవరు అట్టాగే నిలబడి ఉన్నాడు.

"బావగారూ... మీకు... ఏం కావట్లేదా?"

ఆదెయ్య మూత వెతికి తెచ్చి డబ్బాకి బిగించాడు. "శాంపిలు సంచి ముందు పెట్టేవాళ్లం గదండీ బాబుగారూ. ఏసీ పీల్చుకుంది. కాయిల్ మొన్ననే కడిగించాం. అందుకనే ఇవాళ..." అంతకుమించి అతనికి చెప్పడం చేతకాలేదు. "నేను ముందే చెప్పాల్సింది అమ్మగారూ" అని బయటికెళ్లిపోయాడు.

శ్రీమన్నారాయణ లేచాడు. పెట్టె వంక చూశాడు, కోడలి వంక చూశాడు. "లే అమ్మా, వెళ్దాం" అన్నాడు.

శ్రీరమ్య మొహం కడుక్కుని వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. అత్తమామల ముందు నిలబడింది.

"నేను కొన్నాళ్లుండి వస్తాను మామయ్యా. ఆయన్ని వచ్చి తీసుకెళ్లమనండి. కారులో కాదు, బస్సులో రమ్మనండి."

వెంకటరావమ్మ ఏదో అనడానికి తలెత్తింది. హ్యాండ్‌బ్యాగు తీసుకుని లేచింది.

*

తిరుగు ప్రయాణంలో వెనక సీట్లో వెంకటరావమ్మ ఒక్కతే కూర్చుంది. శ్రీమన్నారాయణ ముందు కళ్లు మూసుకున్నాడు, నిద్రో కాదో తెలీదు. పర్చూరు వచ్చింది, పోయింది. ఉద్యోగం ఉంటుందో పోతుందో ఆదెయ్యకి తెలీదు. ఏసీ మాత్రం చక్కగా పనిచేస్తోంది.

"ఆ డబ్బా ఏదీ?" అంది వెంకటరావమ్మ.

ఆదెయ్య కారు పక్కకి ఆపి డిక్కీలోంచి తెచ్చిచ్చాడు. బయల్దేరాక అద్దంలో చూశాడు. ఆమె మూత తీసి, డబ్బా ముక్కుకి ఆనించుకుంది. పీల్చింది. దూరం పెట్టి లోపలికి చూసింది. మళ్లీ ముక్కు దగ్గర పెట్టుకుంది.

"నీకొస్తుందా ఆదెయ్యా?"

"రాదండి అమ్మగారూ."

"ఎప్పట్నించి?"

"తెలీదండి. అసలు ఇట్టా పోయిందనే మొన్నటిదాకా తెలీదు."

ఆమె మూత పెట్టేసింది. ప్రత్తిపాడు దగ్గరపడుతుండగా, "ఇక్కడ ఆపు" అంది.

రోడ్డు పక్కనే కల్లం. పొద్దు వాలుతోంది, కూలీలు పట్టాల మీది కాయల్ని కుప్పగా తోస్తున్నారు. ప్రతి వాళ్ల మొహానికీ గుడ్డ కట్టి ఉంది. వెంకటరావమ్మ పట్టుచీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని కల్లం అంచుదాకా నడిచింది. వంగి గుప్పెడు కాయలు తీసుకుంది. ఒకటి విరిచి ముక్కు దగ్గర పెట్టుకుంది. పారేసి ఇంకోటి విరిచింది. కూలీల్లో ఒకామె మొహం మీది గుడ్డ కిందికి లాగి ఆశ్చర్యంగా చూసింది, వెంటనే తుమ్మి మళ్లీ కట్టుకుంది.

"పొద్దుపోతోంది, రావే" అన్నాడు శ్రీమన్నారాయణ, కళ్లు తెరిచి.

ఆమె వచ్చి కూర్చుంది. అరచేతిలో ఇంకా రెండు కాయలున్నాయి. కారు కదిలింది.

"మాది రేపల్లె వైపు. వరి ఊరు" అంది కాసేపటికి, ఎవరితోనూ కాకుండా. "పెళ్లయిన కొత్తలో ఈయన వాళ్ల కల్లం దగ్గరికి అన్నం తీసుకెళ్తే నేనూ దగ్గేదాన్ని. పేగులు తెగేట్టు. ఎప్పుడాగిపోయిందో గుర్తులేదు."

శ్రీమన్నారాయణ వెనక్కి తిరిగి చూడలేదు.

"ఏసీ కట్టెయ్ ఆదెయ్యా" అంది ఆమె. తన పక్క అద్దం తనే దించుకుంది. కాయ విరిచి, గాలికి మొహం పెట్టి, గుంటూరు దీపాలు కనబడేదాకా వాసన చూస్తూనే ఉంది.